సంక్రాంతి భోజనాల్లో పళ్ళకి మరక పట్టకుండా: వారం ముందు నుంచి ముక్కనుమ దాకా

గోదావరి జిల్లాల్లో సంక్రాంతి వచ్చిందంటే నోటికి నాలుగు రోజులు తీరికుండదు. భోగి పొద్దున్న పెసరట్టు ఉప్మా, అల్లం పచ్చడి. పండగ మధ్యాహ్నం పులిహోర, పనసపొట్టు కూర, దప్పళం, ఆవకాయ, బొబ్బట్లు. సాయంత్రం అరిసెలు, జంతికలు, వాటి మీదకి టీ. కనుమకి గారెలు, నాటుకోడి పులుసు. ప్రతి భోజనం చివరా కిళ్ళీ. ఇంటికి కొత్త అల్లుడుగారు వచ్చారంటే విస్తట్లో ఐటెమ్స్ లెక్కపెట్టడం కూడా కష్టం. ముక్కనుమ దాటాక అద్దం ముందు నిలబడితే ముందుపళ్ళ మొదళ్ళలో పచ్చటి గీత, కింది పళ్ళ వెనక గోధుమరంగు పొర.

ఇందులో ఎక్కువ భాగం ఆపగలిగేదే. దీనికి ఏ వంటకం మానక్కర్లేదు. పండక్కి ముందే పళ్ళు నున్నగా ఉంచుకోవాలి, తిన్న వెంటనే నీళ్ళు వాడాలి, పులుపు తిన్న నోట్లో బ్రష్ పెట్టకూడదు. ఎక్కువమంది తప్పేది ఈ మూడో విషయంలోనే, అదీ శుభ్రం చేసుకుంటున్నామనుకుంటూ.

మరక ఎలా పడుతుంది

పన్ను పైపొర ఎనామిల్. దాని బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. తోముకున్న కొద్ది నిమిషాల్లోనే లాలాజలంలోని ప్రొటీన్లు దాని మీద కంటికి కనపడని పల్చటి పొర కడతాయి. రంగు ముందు అంటుకునేది ఆ పొరకి. అంటించేవి మూడు.

మొదటిది రంగే: పసుపు, కారం, బీట్‌రూట్, కాఫీ డికాషన్. రెండోది వగరు, అంటే టానిన్లు. టీలో, వక్కలో, కాచులో దండిగా ఉంటాయి. ఇవి రంగుకీ ఆ పొరకీ మధ్య జిగురులా పనిచేస్తాయి. నాలుక మీద వగరు తగిలిందంటే అది మరక పెట్టేదేనని గుర్తు పెట్టుకోండి. మూడోది పులుపు. చింతపండు, నిమ్మకాయ, గోంగూర, కూల్ డ్రింకు వల్ల నోట్లో పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5.5 కంటే తగ్గితే ఎనామిల్ పైన ఖనిజం కరగడం మొదలవుతుంది. పైపొర కాసేపు మెత్తబడి గరుకు తేలుతుంది. గరుకు మీద రంగు నిలుస్తుంది.

వంటింట్లో రోజూ కనపడే సంగతే ఇది. కొత్త స్టీలు కంచం మీద పసుపు నిలవదు. గీతలు పడ్డ ప్లాస్టిక్ డబ్బాకి పట్టిన ఆవకాయ రంగు ఎన్నిసార్లు తోమినా వదలదు. పాచి, గార పట్టిన పన్ను ఆ డబ్బాలాంటిది.

మొదటి పని: వారం, పది రోజుల ముందు గార తీయించుకోవడం

నాలుకని కింది ముందుపళ్ళ వెనక వైపు నెమ్మదిగా రాయండి. లాలాజలం ఊరే రంధ్రాలు దగ్గర్లోనే ఉంటాయి కాబట్టి నోట్లో గార ఎక్కువగా పేరుకునే చోట్లలో ఇదొకటి. నున్నగా, జారుతున్నట్టుంటే మంచిదే. ఇసక కాగితంలా తగిలితే అది గార. బ్రష్‌తో పోదు, పళ్ళ డాక్టరు క్లీనింగ్ చెయ్యాల్సిందే.

పండక్కి ముందురోజు మాత్రం వద్దు. క్లీనింగ్ తర్వాత కొందరికి రెండు మూడు రోజులు చల్లటిది, పుల్లటిది తగిలితే జివ్వుమంటుంది. చిగుళ్ళు కుదురుకోవడానికి కూడా వ్యవధి కావాలి. వారం పది రోజుల ముందయితే సరిగ్గా సరిపోతుంది. క్లీనింగ్ అయ్యాక పాలిష్ కూడా చేయమని అడగండి. గార తీసి పాలిష్ వదిలేస్తే పైన సన్నటి గరుకు మిగిలి రంగు త్వరగా పట్టుకుంటుంది. ఆ రోజంతా టీ, కాఫీ, కిళ్ళీ ఆపండి.

"క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయి" అని చాలామంది పెద్దవాళ్ళు ఆపేస్తారు. వదులు చేసేది గారే. దాని మీద చేరే పాచి వల్ల చిగురు వాచి, లోపలి ఎముక కరుగుతుంటే, గార తనే పన్నుకి అడ్డుకట్టలా నిలబడుతుంది. తీసేశాక అసలు వదులు బయటపడుతుంది. అది కనపడటం మంచిదే, వైద్యం చెయ్యొచ్చు.

పళ్ళు తెల్లబరిచే బ్లీచింగ్ చేయించుకునే ఆలోచన ఉంటే పండగ వారంలో పెట్టుకోకండి. చేసిన తర్వాత కనీసం 48 గంటలు రంగున్నదేదీ ముట్టకూడదు. పెరుగన్నం, ఇడ్లీ, పసుపు వెయ్యని కొబ్బరి పచ్చడి, దిబ్బరొట్టె, పాలు... వీటితోనే గడపాలి. పండగ ఇంట్లో అది ఎంత కష్టమో తెలిసిందే. ముందుపంటికి కొత్తగా పన్ను రంగు సిమెంటు పెట్టించుకున్నా ఇంతే. మొదటి ఒకటి రెండు రోజుల్లో అది రంగు త్వరగా పీలుస్తుంది.

రెండో పని: పండగ పొద్దున్న బ్రష్

పళ్ళు తోముకోవాల్సింది టిఫిన్‌కి ముందు. రాత్రంతా చేరిన పాచి పోతే పట్టుకోడానికి రంగుకి చోటు దొరకదు. మెత్తటి కుచ్చుల బ్రష్‌ని చిగురు అంచు మీద ఏటవాలుగా ఆనించి, చిన్న చిన్న సున్నాలు చుడుతూ రెండు నిమిషాలు. అడ్డంగా రంపం కోసినట్టు లాగితే చిగురు దగ్గర పన్ను అరిగి గాడి పడుతుంది. పసుపు ముందు చేరేది ఆ గాడిలోనే.

పేస్టులో ఫ్లోరైడ్ ఉందో లేదో ట్యూబు మీద చూడండి. మన దేశంలో మామూలు పేస్టుకి నిబంధన ప్రకారం పరిమితి 1000 పీపీఎం, అంటే పది లక్షల వంతుల్లో వెయ్యి. దానికి దగ్గరగా ఉన్నది తీసుకోండి. పెద్దలకి బఠాణీ గింజంత చాలు. మూడేళ్ళలోపు పిల్లలకి బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ళ వాళ్ళకి బఠాణీ గింజంత. తోమాక నురగ ఉమ్మేయండి, దోసిళ్ళ కొద్దీ నీళ్ళతో కడగకండి. పంటి మీద మిగిలిన ఫ్లోరైడే పులుపుని కాస్త తట్టుకుంటుంది.

వేపపుల్ల అలవాటున్నవాళ్ళు కొసని బాగా నమిలి, కుచ్చు మెత్తబడ్డాకే పళ్ళకి తగిలించండి, పై నుంచి కిందకి. అందులో ఫ్లోరైడ్ ఉండదు కాబట్టి రాత్రి బ్రష్ పేస్టుతోనే.

విస్తట్లో ఏది ఏం చేస్తుంది

అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది పులిహోర. చింతపండు పులుసు ఎనామిల్‌ని మెత్తబరుస్తుంది. పసుపులోని కర్క్యుమిన్ రంగునిస్తుంది. ఆ రంగు నూనెలో కరిగే రకం, నీళ్ళలో పెద్దగా కరగదు. పోపు నూనె దాన్ని ప్రతి మెతుకు చుట్టూ అద్దుతుంది. అలాంటి మెతుకు ఒకటి పంటికీ చిగురుకీ మధ్య ఇరుక్కుని గంటసేపు ఉండిపోతే ఆ చోట పచ్చటి చుక్క మిగులుతుంది. ఎనామిల్ మీద పడ్డ పసుపు రెండు మూడు రోజుల్లో దానంతటదే పలచబడుతుంది. సిమెంటు పెట్టిన పన్ను మీద, క్లిప్పుల రబ్బరు రింగుల మీద, కట్టుడు పళ్ళ మీద పడితే మాత్రం అంత తేలిగ్గా వదలదు.

పెసరట్టులోకి నంజుకునే అల్లం పచ్చడి ఇంకో రకం. చింతపండు, బెల్లం, ముదురు రంగు, జిగురు అన్నీ ఒకే దాంట్లో ఉన్నాయి. ముక్క చివర అద్దుకుని తింటే నష్టం లేదు. చెంచాతో నాకుతూ కూర్చుంటేనే ఇబ్బంది.

ఆవకాయ, నాటుకోడి పులుసు కూడా నూనెలో కరిగే రంగువే. కారం ఎరుపు ఉట్టి నీళ్ళకి లొంగదు, దానికి పెరుగన్నం కావాలి. ఆ సంగతి కిందుంది.

అరిసెలు, బొబ్బట్లు, బెల్లం పూతరేకులు నేరుగా మరక పెట్టవు. కానీ బెల్లం దవడపళ్ళ గాళ్ళలో ఇరుక్కుని పాచికి మేత అవుతుంది. ఆ పాచి మీద టీ రంగు పేరుకుంటుంది. అరిసె తినగానే టీ తాగడం అలవాటయితే ఆ రెండిటి మధ్య ఒక గుక్క నీళ్ళు పుక్కిలించి మింగండి.

చెరుకుగడ ముందుపళ్ళతో చీల్చొద్దు, ముఖ్యంగా ముందుపంటికి సిమెంటు అతుకు ఉన్నవాళ్ళు. కత్తితో ముక్కలు కొట్టుకుని దవడపళ్ళతో నమలండి.

మూడో పని: భోజనం వరస

మన భోజనం వరసలోనే సగం రక్షణ ఉంది. పప్పు, కూర, పచ్చడి, పులుసు, చివరికి పెరుగు. ఆ పెరుగన్నాన్ని పండగ రోజు "ఇంక చోటు లేదు" అని వదిలేస్తారు. వదలొద్దు. నాలుగు ముద్దలైనా తినండి. పెరుగులోని కొవ్వు నూనెలో కరిగే పసుపు, కారం రంగుల్ని తనలోకి లాక్కుంటుంది. మెత్తటి అన్నం నములుతుంటే పళ్ళ సందుల్లో మిగిలింది కదులుతుంది. పెరుగూ పుల్లనిదే కదా అని అనుమానం రావచ్చు. అందులో కాల్షియం, ఫాస్ఫేట్ దండిగా ఉండటంతో ఎనామిల్‌ని కరిగించదు. ఆఖరి ముద్దలో ఆవకాయ ముక్క నంజుకోకపోతే చాలు. అలవాటు మానలేకపోతే ఆవకాయ ముందు రెండు ముద్దలకి ఉంచుకుని, చివరి రెండూ ఉట్టి పెరుగన్నం తినండి. పెరుగు పడనివాళ్ళు పల్చటి మజ్జిగ తాగినా మేలే.

భోజనం మధ్యలో పక్కన గ్లాసు నీళ్ళు పెట్టుకుని, పులిహోర అయ్యాక ఒక గుక్క, పులుసు అయ్యాక ఒక గుక్క నోరంతా తిప్పి మింగండి. పంక్తిలో కూర్చుని ఉమ్మలేం కదా, మింగితే చాలు.

నాలుగో పని: చెయ్యి కడిగిన వెంటనే

చెయ్యి కడుక్కోవడంతో పాటు నోరు పుక్కిలించడం మన పెద్దవాళ్ళ అలవాటు. ఇప్పుడు చాలామంది పేపర్ నాప్‌కిన్‌తో మూతి తుడుచుకుని లేచిపోతున్నారు. పుక్కిలించడానికి సరైన పద్ధతి ఇది: అరగ్లాసు మామూలు నీళ్ళు, మూడు గుక్కలుగా. ప్రతి గుక్కా 20 నుంచి 30 సెకన్లు. మొదటిది కుడి బుగ్గలోకి, రెండోది ఎడమకి, మూడోది పెదవికీ ముందుపళ్ళకీ మధ్యకి గట్టిగా నెట్టి ఉమ్మేయండి. మరక కనపడేది ముందుపళ్ళ మీదే కాబట్టి మూడోది వదలకూడదు. గారెలు, కోడికూర తిన్న రోజు సందుల్లో ఇరుక్కున్నవాటిని దంతాల దారంతో తియ్యండి. చీపురుపుల్ల, పిన్నీసు వద్దు, చిగురు చీరుకుని వాస్తుంది.

బ్రష్ ఇప్పుడు పట్టుకోకూడదు. చింతపండు, నిమ్మకాయ, కూల్ డ్రింకు తగిలిన పన్ను పైపొర మెత్తబడి ఉంటుంది. దాన్ని లాలాజలం మళ్ళీ గట్టిపరచడానికి అరగంట నుంచి గంట పడుతుంది. ఈలోపు బ్రష్ వేస్తే రంగుతో పాటు ఎనామిల్ కూడా పల్చగా గీసుకుపోతుంది. పోయిన ఎనామిల్ మళ్ళీ పెరగదు. దాని కింద ఉన్న డెంటిన్ సహజంగానే పసుపు రంగు. పండక్కి పదిసార్లు తోముకున్నా పళ్ళు పసుపుగానే ఉన్నాయని బాధపడేవాళ్ళలో కొందరి కారణం ఇదే.

పులుపు మరీ ఎక్కువైంది, పళ్ళు పులిసిపోయాయి అనిపిస్తే గ్లాసు నీళ్ళలో అర టీస్పూను వంటసోడా కలిపి పుక్కిలించి ఉమ్మేయండి. పులిహోర తిన్న నోరయితే ఉమ్మిలో కాస్త ఎర్రటి ఛాయ కనపడవచ్చు. రక్తమని కంగారు పడకండి. పసుపులో సున్నం కలిపితే పారాణి అయినట్టే, వంటసోడా లాంటి క్షారం తగిలితే పసుపు ఎరుపెక్కుతుంది.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికో, పక్క ఊరి తిరనాళ్ళకో వెళ్తే చెయ్యి కడుక్కునే చోటు దొరక్కపోవచ్చు. చిన్న నీళ్ళ సీసా సంచిలో పెట్టుకోండి. దాహానికి కొబ్బరిబొండం తాగండి, రంగు పెట్టదు, కూల్ డ్రింకు కంటే పులుపు తక్కువ. కూల్ డ్రింకు తాగాల్సొస్తే స్ట్రా పెట్టుకుని, దాన్ని ముందుపళ్ళ వెనకదాకా ఉంచి, పుక్కిట పట్టకుండా మింగేయండి.

టీ, కాఫీ

చిక్కటి పాలు పోసిన టీ కంటే పాలు లేని టీ ఎక్కువ మరక పెడుతుంది. పాలలోని కేసీన్ అనే ప్రొటీన్ టానిన్లని పట్టేసుకుని పళ్ళ మీదకి పోనివ్వదు. లెమన్ టీ రంగుకి లేతగా కనపడినా పులుపూ వగరూ రెండూ ఉన్నదే.

ఎన్ని కప్పులన్నదానికంటే ఎంతసేపన్నది ముఖ్యం. పది నిమిషాల్లో ముగించిన రెండు కప్పుల కంటే, అరుగు మీద పేకాట ఆడుతూ రెండు గంటలు చప్పరించిన ఒక్క ఫ్లాస్కు టీ ఎక్కువ చేటు. ప్రతి గుక్కా పళ్ళకి మళ్ళీ కొత్తగా రంగు వేస్తుంది. కప్పు అవ్వగానే నాలుగు గుక్కల నీళ్ళు తాగేయండి.

కిళ్ళీ

ఇందులో మెతకగా చెప్పడానికి ఏమీ లేదు. వక్క, కాచు రెండూ వగరే. సున్నం తగిలితే ఆ వగరు ఎర్రగా మారి పళ్ళ సందుల్లో, గార మీద గట్టిగా కూర్చుంటుంది. నాలుగు రోజుల కిళ్ళీ ఎరుపు నీళ్ళతో పోవచ్చు గానీ, నెలల తరబడి నమిలినది నల్లబడి డాక్టరు పరికరానికి తప్ప లొంగదు. మరక ఇందులో చిన్న సమస్య. వక్క నోటి కేన్సర్‌కి కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ పరిశోధన విభాగం 2004లోనే తేల్చింది, పొగాకు కలపకపోయినా సరే. బుగ్గల లోపల బిగుసుకుపోయి నోరు తెరుచుకోకపోవడమూ దీనివల్ల వచ్చేదే. గుట్కా, జర్దా అయితే చెప్పనే అక్కర్లేదు.

పండగ తాంబూలం కావాలంటే తమలపాకులో సోంపు, ఏలక్కాయ, లవంగం, కొబ్బరి కోరు పెట్టి చుట్టండి. వక్క, కాచు, సున్నం లేకుండా. నోరు పండదు, నోటికి వాసన మాత్రం అదే. నమిలాక పుక్కిలించండి. తాంబూలం బుగ్గన పెట్టుకుని కునుకు తియ్యొద్దు. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది, కడిగేవాళ్ళు ఉండరు. లంక పొగాకు చుట్ట తాగే మావయ్యలకి, తాతయ్యలకి ఒక మాట: ఆ తారు మరకకి పుక్కిలింపు పనిచెయ్యదు.

కట్టుడు పళ్ళు, క్లిప్పులు

తాతయ్య, అమ్మమ్మల కట్టుడు పళ్ళు చాలావరకు అక్రిలిక్‌వి, అంటే ప్లాస్టిక్ రకమే. ముందు చెప్పిన ఆవకాయ డబ్బా గుర్తు చేసుకోండి. భోజనం అవ్వగానే తీసి చల్లటి నీళ్ళతో కడగాలి. మెత్తటి బ్రష్, గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క చాలు. పళ్ళ పేస్టు వాడితే గీతలు పడతాయి, వేణ్ణీళ్ళు పోస్తే ఆకారం మారి నోటికి పట్టవు. కింద సగం నీళ్ళున్న గిన్నె పెట్టుకుని కడగండి. చెయ్యి జారితే నేల మీద పడి విరగవు. రాత్రి నీళ్ళలో వేసి ఉంచండి, ఎండనివ్వకండి.

క్లిప్పులు ఉన్న పిల్లలకి తెల్లటి, పారదర్శకమైన రబ్బరు రింగులు ఒక్క పులిహోర భోజనంతో పచ్చబడతాయి. పండక్కి ముందు మార్చేటప్పుడే బూడిదరంగో, ముదురు నీలమో వేయమని అడగండి. పండగయ్యాక ఎలాగూ మారుస్తారు. పళ్ళ వరస సరిచేసే, తీసి పెట్టుకునే ప్లాస్టిక్ అలైనర్లయితే మంచినీళ్ళు తప్ప ఏది తాగినా, తిన్నా తీసేయాలి. కడిగిన పళ్ళ మీదే మళ్ళీ పెట్టాలి. విస్తరి పక్కన కాగితంలో చుట్టి పెడితే విస్తరితో పాటు పోతుంది, డబ్బాలోనే పెట్టండి.

ఐదో పని: రాత్రి

ఎంత అలసినా రాత్రి బ్రష్ మానొద్దు. ఆఖరుగా తిన్నదానికీ బ్రష్‌కీ అరగంట ఎడం ఉంచి, తోమాక మంచినీళ్ళు తప్ప ఏదీ వద్దు. ఆ తర్వాత పూతరేకు విప్పితే చేసిందంతా వృథా.

డాక్టరు చిగుళ్ళకని క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రాసి ఉంటే చెప్పినన్ని రోజులే వాడండి. ఎక్కువ రోజులు వాడితే అదే గోధుమ మరక పెడుతుంది, టీ కాఫీలు తోడైతే ఇంకా త్వరగా. పేస్టుతో తోమిన అరగంట తర్వాత వాడితేనే పూర్తిగా పనిచేస్తుంది. ఐరన్ సిరప్ తాగే పిల్లలకి స్ట్రాతో తాగించి వెంటనే నీళ్ళు పట్టండి, లేకపోతే పళ్ళు నల్లబడతాయి.

అయినా మరక పడితే

పచ్చటి ఛాయ అయితే మూడు నాలుగు రోజులు మామూలుగా తోముకుంటూ ఆగండి. లేత గోధుమ పొర అయితే తడి బ్రష్ మీద చిటికెడు వంటసోడా వేసి ఒక నిమిషం మెల్లగా తోమొచ్చు, వారానికి రెండుసార్లకి మించకుండా, రోజువారీ పేస్టుకి అదనంగానే. అందులో నిమ్మరసం పిండడం చాలా ఇళ్ళలో చేసే పొరపాటు. నిమ్మరసం పళ్ళని కరిగిస్తుంది, ఆ మెరుపు కరిగిపోయిన ఎనామిల్‌దే. పిడకల కచ్చిక, బొగ్గుపొడి, ఇటికపొడి, ఉప్పు వేసి రుద్దడం కూడా అంతే. మొదటి వారం తెల్లగా కనపడి, ఏళ్ళు గడిచేకొద్దీ అరిగి పసుపు తేలతాయి. తెల్లబరిచే పేస్టులు పైమరకనే తీస్తాయి, పన్ను అసలు రంగుని మార్చవు.

రెండు వారాలైనా పోని మరకకి డాక్టరు దగ్గర పాలిష్ చేయించుకోవడమే దారి.

కొన్ని మరకలు తిండివి కావు. ఒకే పంటి మీద నల్లటి గుంట ఉంటే పుచ్చు. దెబ్బ తగిలిన పన్ను ఒక్కటే బూడిదరంగుకి తిరిగితే లోపలి నరం చచ్చిపోయి ఉండవచ్చు. చిన్నప్పటి నుంచీ ఉన్న గోధుమ చారలు తాగునీటిలో ఎక్కువైన ఫ్లోరైడ్ వల్ల లోపలే ఏర్పడ్డవి కావచ్చు, అవి ఎంత తోమినా పోవు. కిళ్ళీ, వక్క అలవాటున్నవాళ్ళు మాత్రం ఇంకొక పరీక్ష చేసుకోండి. మూడు వేళ్ళు కలిపి నిలువుగా నోట్లో పెట్టి చూడండి. పట్టకపోయినా, కారం తగిలితే నోరంతా మండుతున్నా, బుగ్గ లోపల తెల్లటి మచ్చలున్నా పళ్ళ రంగు సంగతి పక్కన పెట్టి ఆ వారంలోనే డాక్టరుకి చూపించుకోండి.